నుయ్యి చూడటానికి వచ్చినవాళ్ళు

తెనాలి,
24-3-1988.

పూజ్యులు వదినగారి పాదాలకు మరదలు సీతాలక్ష్మి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మీ తమ్ముడు, పిల్లలు, అత్తయ్యగారు, నేను క్షేమం. భిలాయిలో మీరు, అన్నయ్యగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అని రాశానే గానీ, ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో ఈ ఉత్తరం చివరిదాకా చదివి మీరే చెప్పండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. వసంతకి టెన్తు పరీక్షలు మొదలయ్యాయి. లెక్కలు బాగా రాశానంటోంది, నమ్మడం తప్ప చేసేదేం లేదు. మీ తమ్ముడి నడుం నొప్పి అలాగే ఉంది. రోజూ తెనాలి నుంచి బాపట్లకి, బాపట్ల నుంచి తెనాలికి పాసింజరు రైల్లో చెక్కబల్ల మీద వెళ్ళి వచ్చే మనిషికి నడుం నొప్పి కాక ఏముంటుంది? మీరు పంపిన ఉన్ని శాలువా అందింది. ఉన్ని మడికి పనికొస్తుంది గనక అత్తయ్యగారు జపానికి కూర్చున్నప్పుడు కప్పుకుంటున్నారు. ఎవరొచ్చినా "మా సరస్వతి పంపింది" అని చూపిస్తున్నారు.

ఇక నాలుగో ప్రశ్న. "అమ్మ చాలా చిక్కిపోయిందట, అమ్మ తిండి విషయంలో నువ్వు చెయ్యరాని పని చేస్తున్నావని రేపల్లె పిన్ని రాసింది, నిజమేనా?" అని అడిగారు. ఆ ఒక్క వాక్యం మీద మీ కలం ఎంత గట్టిగా ఆనిందో కాగితం వెనక తడిమితే తెలుస్తోంది. దానికి జవాబు రాయకుండా ఈ ఉత్తరం ముగించను. కానీ మీ శివపార్వతి పిన్నిగారు ఒక పూట చూసి రాశారు, నేను రెండు నెలలు పడి రాస్తున్నాను. కాబట్టి కొంచెం ఓపిక పట్టి మొదటినుంచీ వినండి.

ఏప్రిల్ నెలాఖరుకి బాపట్ల మారిపోవాలని మేం అనుకున్న సంగతి మీకు తెలుసు. మీ తమ్ముడికి మర్యాద కాస్త ఎక్కువ. రథసప్తమి మర్నాడే ఇంటివారు పాండురంగంగారి దగ్గరికి వెళ్ళి, "ముందుగా చెప్పడం ధర్మం కదండీ" అని మూడు నెలల ముందే చెప్పి వచ్చారు. ఆ సాయంత్రానికే గేటుకి టు-లెట్ బోర్డు వేలాడింది. అప్పటినుంచీ ఈ ఇల్లు మాది కాదు, వాళ్ళదీ కాదు, దారినపోయే వాళ్ళందరిదీ అయింది.

మీరు చూసిన ఇల్లే. ముందు వాటా పాండురంగంగారిది, వెనక వాటా మాది. వసారా, నడిమి గది, వంటిల్లు. వంటింట్లోంచే పెరట్లోకి దారి, పెరట్లో నుయ్యి. ఆ నూతినీళ్ళు తియ్యగా ఉంటాయని పాండురంగంగారికి మహా గర్వం. వచ్చిన ప్రతివాళ్ళకీ నుయ్యి చూపించాలి, చేద వేసి ఒక గుక్కెడు తాగించాలి. నూతి దగ్గరికి వెళ్ళాలంటే మా వంటింట్లోంచి నడవాలి. వేరే దారి లేదు.

ఆ వంటింట్లో మీ అమ్మగారి కుంపటి ఉంది. ఆవిడ మడి సంగతి మీకు నేను చెప్పేదేముంది, ఆ మడి పక్కనే పెరిగారు మీరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో దండెం మీది ఆవిడ మడిచీరకి నా కొంగు తగిలిందని చీర మళ్ళీ తడిపి ఆరేయించారు. ఆ రోజు గంటసేపు ఏడ్చాను. ఇప్పుడెందుకు దాచాలి, ఆ మడి అంటే నాకు ఏనాడూ ఇష్టం లేదు. పిల్లలు నానమ్మ ఒళ్ళోకి వెళ్ళాలంటే ఆవిడ భోజనం అయ్యేదాకా గడప ఇవతల నిలబడాలి. చిన్నది ఒక్కోసారి అక్కడే నిలబడి నిద్రపోయేది. కానీ ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పద్ధతికి అడ్డం రాలేదు నేను. తెల్లవారకముందే నూతి దగ్గర స్నానం, తడిచీరతో వంట, మధ్యాహ్నం ఒంటిపూట భోజనం. మామగారు పోయాక ఆవిడ తనదని చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే అని నాకు తెలుసు.

మొదటిరోజు నలుగురొచ్చారు. పదకొండున్నర అయింది. పాండురంగంగారు తలుపు కొట్టలేదు, తోసుకుని వచ్చారు. ఆయన వెనక ఒకావిడ, ఆవిడ తల్లి, ఇద్దరు పిల్లలు. చెప్పులు విప్పమని ఎవరూ అనలేదు, ఎవరూ విప్పలేదు. నేరుగా వంటింట్లోంచి నూతి దగ్గరికి. అత్తయ్యగారు అప్పుడే అన్నం వార్చి గిన్నె దించుతున్నారు. ఆ పెద్దావిడ పైట ఆవిడ భుజానికి తగిలింది. అత్తయ్యగారు గిన్నె కింద పెట్టి, వాళ్ళు వెళ్ళేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డారు. తరవాత "ఈ అన్నం మీరు తినేయండే" అని మళ్ళీ నూతి దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ స్నానం, మళ్ళీ తడిచీర, మళ్ళీ కుంపటి. ఆ పూట ఆవిడ విస్తరి ముందు కూర్చునేసరికి రెండు దాటింది.

ఇది ఒక రోజు ముచ్చట అనుకున్నాను. రోజు విడిచి రోజు, ఒక్కోసారి రోజుకి రెండుసార్లు వచ్చారు. వచ్చేవాళ్ళు రాహుకాలం చూసుకుని వస్తారు, వర్జ్యం చూసుకుని వస్తారు, మా భోజనాల వేళ మాత్రం చూసుకోరు. ఒకావిడ నడిమి గదిలో చదువుకుంటున్న వసంత వీపు మీదుగా చెయ్యి చాపి, బీరువా పడుతుందో లేదో జానలతో గోడ కొలిచింది. ఇంకొకాయన మా మంచం మీద కూర్చుని గాలి బాగా వస్తుందా అని అడిగాడు. ఒక రోజు వసంత స్నానం చేసి బట్టలు మార్చుకుంటుంటే పాండురంగంగారు ఇద్దరు మగవాళ్ళని వెంటబెట్టుకుని గదిలోకి వచ్చేశారు. పిల్ల దుప్పటి చుట్టుకుని మూల కూర్చుంది. ఆ వారమంతా అది స్నానాలగదిలోనే తడి ఒంటి మీద బట్టలు కట్టుకుని వచ్చింది. ఆ సంగతి మీ తమ్ముడికి చెప్తే కంచం వైపు చూస్తూ "పెద్దాయన కదా, తెలియక వచ్చుంటార్లే" అన్నారు.

నేను ఊరుకోలేదు వదినగారూ. పాండురంగంగారికి ఎదురెళ్ళి అడిగాను. "బాబాయిగారూ, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తీసుకురండి. అత్తయ్యగారి భోజనం అయిపోతుంది, ఎంతమందినైనా చూపించుకోండి" అన్నాను.

"ఏంటమ్మాయ్, నా ఇంట్లోకి నేను రావడానికి ముహూర్తం పెట్టించుకోవాలా?" అన్నారు. "నుయ్యి చూపించకుండా ఇల్లు చూపిస్తే ఎవరు దిగుతారు? ఎనిమిదేళ్ళు ఉన్నారు, నేనేమన్నా అన్నానా? పోయేముందు ఈ పేచీలేంటి?"

సాయంత్రం ఆ మాట మీ తమ్ముడి చెవిన వేస్తే ఆయన నామీదే విసుక్కున్నారు. బాపట్లలో మాకు దొరకబోయే ఇల్లు పాండురంగంగారి బావమరిదిది. పాండురంగంగారు ఒక్క మాట చెడ్డగా చెప్తే ఆ ఇల్లు పోతుందట. "నెలా రెండు నెలలు ఓర్చుకోలేవా సీతా?" అన్నారు. ఓర్చుకునేది ఎవరో, రైల్లో వెళ్ళొచ్చే మనిషికి ఏం తెలుస్తుంది?

ఒక్క మనిషి మాత్రం గేటు బయట ఆగాడు. పేరు జకరయ్యట. నిజాంపట్నం స్కూల్లో మాస్టారు, తెనాలికి బదిలీ అయిందట. "అమ్మా, ఇల్లు చూడాలండి. ఇప్పుడు వీలవుద్దాండి? లేకపోతే మీరెప్పుడు రమ్మంటే అప్పుడొస్తానండి" అన్నాడు. వంట అవుతోందని చెప్తే, సాయంత్రం నాలుగింటికి వస్తానని వెనక్కి తిరిగాడు. నాలుగింటికి వస్తే పాండురంగంగారు వసారాలోనే నిలబెట్టి పేరడిగి, ఊరడిగి, ఏ గుడికి వెళ్తారని అడిగి, "ఇల్లు ఇచ్చేశామండి" అన్నారు. బోర్డు ఇంకా గేటుకి ఊగుతూనే ఉంది. ఆ మాస్టారు బోర్డు వైపు ఒకసారి చూసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వారంలో అత్తయ్యగారు పన్నెండింటికల్లా భోంచేసింది ఆ రోజొక్కటే.

మాఘ బహుళ ఏకాదశి వచ్చింది. ఆవిడకి ఉపవాసం. మర్నాడు ద్వాదశి పారణ, పొద్దున్నే తినాలి. ఆ పొద్దున్నే ఒక జట్టు వచ్చింది. ఆవిడ స్నానం చేసి మళ్ళీ ఎసరు పెట్టారు. అది ఉడికేలోగా ఇంకో జట్టు. మూడోసారి స్నానానికి వెళ్ళి నూతి చప్టా మీదే కూలబడ్డారు. నేను చప్పుడు విని పరిగెత్తాను. తడిచీర ఒంటికి అతుక్కుని ఉంది, పెదాలు నల్లబడ్డాయి. లేపుదామని చెయ్యి వేయబోతే ఆ స్థితిలో కూడా "ముట్టుకోకే, ముట్టుకోకు, మళ్ళీ చెయ్యలేను" అన్నారు.

ఆ మాట విన్నాక ఇక నావల్ల కాలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. పిన్నిగారు రాసింది నిజం.

తరవాతి గురువారం ఆవిడ వంట ముగించి గిన్నెలు మూసి, దేవుడి మూల జపానికి కూర్చున్నారు. మీ శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని. అప్పుడే పాండురంగంగారు అయిదుగుర్ని తోలుకొచ్చారు. అందులో ఒకావిడ వంటగట్టు ఎంత వెడల్పుందో చూద్దామని అత్తయ్యగారి అన్నం గిన్నెని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది. నుయ్యి చూశారు, నీళ్ళు తాగారు, వెళ్ళారు. నేను తడిగుడ్డతో చెప్పుల మరకలు తుడిచాను. గిన్నెని మళ్ళీ మొదట ఉన్నచోటే పెట్టాను. ఆవిడ జపం ముగించి వచ్చి "ఎవరన్నా వచ్చారా?" అని అడిగారు. "లేదండత్తయ్యగారూ, ఎవరూ రాలేదండి" అన్నాను. ఆవిడ పీట వాల్చుకుని కూర్చుని తిన్నారు. నేను గడప ఇవతల నిలబడి చూశాను. జనం వచ్చిన రోజున కూడా ఆవిడ వేళకి తినడం మూడు వారాల్లో అదే మొదటిసారి.

ఆ రోజునుంచీ ప్రతిసారీ అంతే. జపం వేళ ఎవరొచ్చినా "ఎవరూ రాలేదు" అన్నాను. మీ అమ్మగారు అరవై ఏళ్ళుగా ఏది తప్పకూడదనుకున్నారో, దాన్ని నేను నా నోటితో, ఆవిడకి తెలియకుండా తప్పించాను. ఆవిడ కడుపు కోసమే చేశానని మీకు రాయొచ్చు. కొంత అదే. మిగతాది కూడా రాస్తాను. నీళ్ళు తోడి తోడి నా చేతులు బొబ్బలెక్కాయి, రెండేసిసార్లు గిన్నెలు తోమి విసుగెత్తింది. ఆ మడి పోతే పోనీ అని ఒక మూల నాకు కసిగా కూడా ఉంది.

పిన్నిగారు రేపల్లె బండికి వచ్చింది అలాంటి రోజునే. వసారాలో కూర్చుని, నుయ్యి చూడటానికి వచ్చినవాళ్ళు వంటింట్లోంచి వెళ్ళడం చూశారు, నేను "ఎవరూ రాలేదు" అనడం విన్నారు. ఆ క్షణాన నోరు తెరిచి ఒక్క మాట అనొచ్చు. అనలేదు. మా పక్కన కూర్చుని సుష్టుగా భోంచేసి, గుత్తొంకాయ బాగుందని మెచ్చుకుని, సాయంత్రం బండికి వెళ్ళి మీకు ఉత్తరం రాశారు.

మీ ఉత్తరం అందిన తరవాత వచ్చిన ఆదివారం బాపట్ల ఇల్లు చూడటానికి వెళ్ళాం. "నేనూ చూస్తానే" అని అత్తయ్యగారు కూడా బయల్దేరారు. మేం వెళ్ళేసరికి పన్నెండున్నర. పాండురంగంగారి బావమరిది వేంకటేశ్వర్లుగారు మమ్మల్ని నేరుగా ఆ వాటా దగ్గరికి తీసుకెళ్ళారు. ఓరగా వేసిన తలుపు తోసి "మనిల్లేనండి, రండి రండి" అన్నారు. లోపల ఆ ఇంటాయన బనీనుతో కంచం ముందు కూర్చుని ఉన్నాడు, పిల్లలు అన్నాలు తింటున్నారు. వడ్డిస్తున్నావిడ గరిటె పట్టుకునే లేచి నిలబడింది. నా వయసే ఉంటుంది.

నేను ఆగలేదు వదినగారూ. ఇదీ రాయాల్సిందే. తింటున్న పిల్లల పక్కనుంచి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. గట్టు చూశాను, గూడు తలుపు తెరిచి చూశాను. కుళాయి తిప్పి చూశాను. ఆవిడతో "వంటింట్లోంచి కాకుండా పెరట్లోకి వేరే దారుందాండి?" అని అడిగాను.

"ఉందండి, పక్క సందులోంచి. కానీ ఇల్లు చూడటానికొచ్చేవాళ్ళు అటునుంచి ఎవరూ రారండి" అంది ఆవిడ.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే బయటికి వచ్చేశాను. అత్తయ్యగారు వీధరుగు మీద ఎండలోనే కూర్చుని ఉన్నారు. అసలు గడప తొక్కలేదు.

"లోపలికి రాలేదేమండత్తయ్యగారూ?"

"అన్నాలు తింటున్నారు కదే. కంచాల ముందుకెళ్ళి నుంచోనా?"

నేను కింద మెట్టు మీద కూలబడ్డాను. మీ ఉత్తరం నా సంచీలోనే ఉంది. "అత్తయ్యగారూ, మీకు ఒక అబద్ధం చెప్తూ వచ్చానండి" అన్నాను.

"ఏంటి, ఎవరూ రాలేదన్నదా?"

నేను తలెత్తి ఆవిడ వైపు చూశాను.

"జపానికి కళ్ళు మూసుకుంటాను గానీ చెవులు మూసుకోనుగా సీతా. అయిదుగురి చెప్పుల చప్పుడు వినపడదా?"

"మరి ఎందుకు తిన్నారండీ?"

ఆవిడ వీధి వైపు చూస్తూ "ఆకలేసిందే" అన్నారు. తరవాత నెమ్మదిగా చెప్పారు. "నువ్వు లేదన్నావు గనక తినగలిగాను. వచ్చారని నువ్వు అనుంటే లేవాలిగా. లేచే ఓపిక లేదు." కొంగుతో మొహం తుడుచుకుని, "సరస్వతికి మాత్రం తెలియనీకు. అమ్మ ఇంకా మడితోనే ఉందని అదైనా అనుకోనీ" అన్నారు.

నేనిక్కడ ఏడుస్తూ రాస్తున్నాను. పాండురంగంగారి మీద కోపం ఉంది, మీ తమ్ముడి మర్యాద మీద కోపం ఉంది, నామీద అన్నిటికంటే ఎక్కువ ఉంది. ఆవిడ ఒట్టు వేయించుకోలేదు గనక మీకు రాస్తున్నాను. పిన్నిగారి మాటగా కాకుండా నా మాటగా మీకు తెలియాలి. నన్ను ఎన్ని మాటలైనా అనండి, పడతాను. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను.

మే నెలలో మీరు బాపట్ల వస్తారు. ఆవిడ మీ కోసం తెల్లవారకముందే లేచి స్నానం చేస్తారు. తడిచీరతో కుంపటి దగ్గర కూర్చుంటారు, "దూరంగా ఉండవే" అని మిమ్మల్ని కేకలేస్తారు. మీకు ఏడుపు వస్తుంది, వెళ్ళి పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోకండి వదినగారూ. గడప ఇవతలే నిలబడండి. భోజనం అయ్యేదాకా మీ అమ్మగారిని ముట్టుకోకండి.

ఇట్లు,
మీ మరదలు,
సీతాలక్ష్మి.